కుడివైపు ఖాళీ

రోన్ కొండలు,
నవంబరు 11

చెల్లీ గెజీనె,

కవరు అంటించిన చోట అడ్డంగా నా సంతకం పెట్టాను. అది చెదిరి ఉంటే ఎవరో విప్పారన్నమాట, వెంటనే రాయి. నవ్వకు. గేటు పక్కన ఉన్న నా పోస్టు డబ్బాని పోయిన నెల ఎవరో పడగొట్టారు. ఎవరో చెప్పలేను గాని నాకో ఊహ ఉంది. అప్పటినుంచి పోస్టుమాన్ నా ఉత్తరాలు ఎదురింటి ఆమ్రైన్ గారి డబ్బాలో వేస్తున్నాడు. ఆవిడ సాయంత్రం చేతిలో ఉత్తరం, మొహంలో నవ్వు పెట్టుకుని వస్తుంది. నీ కిందటి ఉత్తరానికి కవరు మూల లేచి ఉంది.

ఇక అసలు విషయం. అక్టోబరులో ప్లమ్ చెట్టు కొమ్మలు కొడుతూ నిచ్చెన మీంచి జారాను. కంగారు పడకు, కుడి మోచెయ్యి కాస్త వాచింది, అంతే. ఎలాగూ ఇంజను లేని మా గ్లైడర్ విమానాలన్నీ షెడ్డులోకి వెళ్లిపోయాయి కాబట్టి ఈ చలికాలం నీలాగే ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని తెరమీదే ఎగురుదామనుకున్నాను. విమానం నడిపే స్టిక్కు, పెడల్సు బిగించాను. కాని పక్కకి చూడాలంటే బొత్తం నొక్కాలట! మెడ ఉన్న మనిషికి బొత్తమెందుకు? తల తిప్పితే తెరమీద చూపు కూడా తిరిగే పరికరాలున్నాయని విన్నాను. ఏది కొనాలి? షరతు ఒక్కటే, అది నా మొహం చూడకూడదు.

ఊరికే అడగడం లేదు. మే మొదటి ఆదివారం మా గ్లైడర్ క్లబ్బు మైదానం తెరుస్తారు. నీ మనవరాలు వీబ్కేకి పద్నాలుగు నిండగానే గ్లైడర్ ఎక్కిస్తానని దానికి ఏడేళ్లప్పుడు మాటిచ్చాను. ఏప్రిల్లో నిండుతాయి. ముందు సీట్లో అది, వెనక సీట్లో నేను. అప్పటికి చెయ్యి తిరిగి ఉండాలి.

ఫోన్ చెయ్యకు. ఫోన్లో అన్న మాట తర్వాత మారిపోతుంది. కాగితం మీద పడ్డది మారదు.

నీ అన్నయ్య,
ఓర్ట్‌విన్


కీల్,
నవంబరు 20

అన్నయ్యా,

నీ సంతకం చెదరలేదు. కవరు విప్పడానికి నేనే చెరపాల్సి వచ్చింది, ఆ నేరం ఒప్పుకుంటున్నాను.

మా ఆయన పోయినప్పటినుంచి ఈ ఏడేళ్లలో అన్ని రకాలూ వాడి చూశాను గనక చెబుతున్నాను, విను. ఒకటి, కంప్యూటర్‌కి ఉండే మామూలు కెమెరాయే నీ ముక్కు ఎటు తిరిగితే అటు చూపు తిప్పుతుంది. అది నీకు పనికిరాదు, ఆ కెమెరా మీద నువ్వెప్పుడో పట్టీ అంటించేశావు. రెండోది తెర కింద పెట్టే సన్నటి కడ్డీ, అది కనుపాపలనే చూస్తుంది. దాన్ని ఇంట్లోకి తెచ్చుకుంటే నీకు నిద్ర పట్టదు. మూడోది హెడ్‌ఫోన్‌కి తగిలించే చిన్న క్లిప్పు. దానికి మన కంటికి కనపడని వెలుగుతో మూడు బుల్లి దీపాలుంటాయి. తెర మీద బిగించే దాని సొంత కెమెరాకి ఆ మూడు చుక్కలు తప్ప ఇంకేదీ కనపడదు. నాలుగోదానికి కెమెరానే ఉండదు, అగ్గిపెట్టెంత డబ్బా తలకి అంటించుకోవడమే. కాని గంటసేపు ఎగిరేసరికి అది దారి తప్పుతుంది. నువ్వు ముందుకు చూస్తూనే ఉంటావు, చూపు మెల్లగా పక్కకి జారిపోతుంది.

మూడు దీపాలది కొనుక్కో.

తల నిజంగా వెనక్కి తిప్పేస్తే ఎదురుగా ఉన్న తెర కనపడదు కదా. అందుకని తల కొంచెం తిప్పితే చూపు చాలా తిరిగేలా అమర్చుకోవాలి. ప్రోగ్రాంలో దానికి ఒక గీత ఉంటుంది, అది ఎంత నిటారుగా లేస్తే చూపు అంత ఎక్కువ తిరుగుతుంది. ముప్పై డిగ్రీలు తిప్పితే తోకదాకా కనపడేలా మొదలుపెట్టు, తర్వాత సర్దుకోవచ్చు. కుదిరాక ఆదివారం మధ్యాహ్నాలు కలిసి ఎగురుదాం. హెడ్‌ఫోన్లో నాన్న పెట్టిన నియమమే, ఆకాశంలో ఇంటి మాటలు వద్దు.

ఒక్క సందేహం. కుడి మోచెయ్యి వాచిందన్నావు. నీ చేతిరాత మాత్రం ఎప్పటికంటే కుదురుగా ఉంది. అదెలా?

గెజీనె


రోన్ కొండలు,
డిసెంబరు 5

చెల్లీ,

నా చేతిరాత మీద విచారణ మొదలుపెట్టింది నువ్వేనా, నీ చేత ఎవరైనా పెట్టించారా? వాపు తగ్గింది కాబట్టి రాత కుదిరింది. అంతకంటే అందులో ఏమీ లేదు.

నువ్వు చెప్పిన క్లిప్పే కొన్నాను. కెమెరా తెరమీద బిగించగానే దాని మధ్యలో ఎర్రగా ఒక చుక్క మెరిసింది. మొహం చూడనిదానికి కన్నెందుకని దానికీ ఒక పట్టీ అంటించాను. తర్వాత రెండు గంటలసేపు ఏదీ పనిచెయ్యలేదు. ఈ సంగతి క్లబ్బులో ఎవరితోనూ అనకు.

పట్టీ పీకేశాక పనిచేసింది, అదీ సగమే. ఎడమకి తల తిప్పితే రెక్క చివర, దాని వెనక తోక, అన్నీ కనపడుతున్నాయి. కుడికి తిప్పితే రెక్క మొదట్లోనే చూపు ఆగిపోతోంది. మూడు దీపాల్లో ఒకటి నాసిరకం అయ్యుంటుంది. లేదా ఎవరో వాడి తిప్పి పంపించిన సరుకు నాకు అంటగట్టారు. పెట్టెకి అంటించిన టేపు రెండు వరసలుంది, అప్పుడే అనుమానం వచ్చింది.

ఆమ్రైన్ గారు మొన్న కిటికీలోంచి నన్ను చూస్తూ నిలబడింది. నేను తల ఊపుతూ కూర్చున్నానని ఊరంతా చెప్పే ఉంటుంది.

ఓర్ట్‌విన్


కీల్,
డిసెంబరు 14

అన్నయ్యా,

దీపం చెడితే రెండు పక్కలా చెడుతుంది, ఒక పక్కన కాదు. అయినా నీతో వాదన దేనికి, మందు చెబుతాను. గీత అమర్చే చోట కుడీ ఎడమా ఒకేలా ఉండాలని ఒక గుర్తు ఉంటుంది, దాన్ని తీసెయ్. తర్వాత కుడివైపు గీత ఒక్కటీ నిటారుగా పైకి లేపు. అప్పుడు కుడికి పది డిగ్రీలు తిప్పినా చూపు తోకదాకా పోతుంది. కాస్త గెంతుతుంది, అలవాటైపోతుంది.

క్రిస్మస్‌కి వీబ్కే వస్తోంది. నువ్వూ రాకూడదూ? కేల్ ఆకు, సాసేజీలు వండుతాను. ఏడు గంటల కారు ప్రయాణం నీకో లెక్కా?

గెజీనె


రోన్ కొండలు,
జనవరి 2

చెల్లీ,

గీత లేపాను. అద్భుతం. తల ఇంతో అంతో కదిపితే చాలు, కుడివైపు ఆకాశమంతా నా చేతిలోకి వచ్చేస్తోంది. ఇదే ముందు చెబితే నెల రోజులు మిగిలేవి. ఈ వయసులో ఇంత సుఖంగా చూడొచ్చని నేనెప్పుడూ అనుకోలేదు.

క్రిస్మస్‌కి రానందుకు తప్పు పట్టుకోకు. మంచు పడింది. వీబ్కే పంపిన కార్డు అందింది. మే నెలదాకా రోజులు లెక్కపెట్టుకుంటున్నానని రాసింది. ఎగరడానికి కావలసిన నా వైద్య పరీక్ష ఏప్రిల్లో ఉంది. మా డాక్టరు గుండె వింటాడు, కళ్లు చూస్తాడు, వాతావరణం గురించి రెండు మాటలాడి సంతకం పెడతాడు. ఏ బెంగా లేదు.

పన్నెండో తారీకు ఆదివారం మూడు గంటలకి సిద్ధంగా ఉండు.

ఓర్ట్‌విన్


కీల్,
జనవరి 13

అన్నయ్యా,

నిన్న మధ్యాహ్నం మూడుంపావుకి నువ్వు నన్ను చంపావు.

తెరమీదేలే. నా గ్లైడర్ రెండు ముక్కలై పడిపోతుంటే చూసి, లేచి వెళ్లి టీ పెట్టుకున్నాను. నువ్వు చేసింది ఇప్పటిదాకా నాకు మింగుడు పడలేదు. నువ్వు "ఈ ప్రోగ్రాంలో ఏదో లోపముంది" అని హెడ్‌ఫోన్ తీసేశావు గనక కాగితం మీద అడుగుతున్నాను, జవాబు చెప్పు.

నేను నీ కుడిపక్కనే ఉన్నాను, పది నిమిషాలనుంచి. తెల్లటి రెక్కలు, వెనక నీలం మబ్బు, కనపడకపోవడానికి లేదు. నువ్వు తిరగబోయే ముందు గట్టిగా "కుడివైపు ఖాళీ" అన్నావు. నేను చెవులారా విన్నాను. అని నా మీదికి తిరిగావు.

నాన్న దగ్గర మనం నేర్చుకున్న మొదటి పాఠం గుర్తుందా? చూసి అనాలి, అని చూడకూడదు. తల తిరగకుండా నోరు తెరిస్తే మడిచిన మ్యాపుతో వెనక సీట్లోంచి నెత్తిమీద ఒక్కటిచ్చేవాడు. యాభై ఏళ్లలో నీకు ఆ దెబ్బ రెండోసారి పడటం నేను చూడలేదు. నీ చూపు నన్ను దాటేసి ఒక్కసారిగా తోకదాకా గెంతిందని నా అనుమానం. నేను ఆ మధ్యలో ఉండిపోయాను.

అన్నయ్యా, మోచెయ్యి ఎలా ఉంది?

గెజీనె


రోన్ కొండలు,
ఫిబ్రవరి 3

గెజీనె,

నీ ఉత్తరానికి సంజాయిషీ రాయకూడదనుకున్నాను. కాని నిజం నా వైపు ఉన్నప్పుడు ఊరుకోవడమెందుకు?

ఆ మూడు దీపాల క్లిప్పు పనికిమాలినదని తేల్చాలని నాలుగో రకం కూడా తెప్పించాను, కెమెరా లేని డబ్బా. వేరే ఊరు, వేరే దుకాణం, వేరే తయారీ. నా పేరు చెప్పకుండా మా క్లబ్బు అధ్యక్షుడు ఫోల్కార్ట్ పేరుమీద తెప్పించాను, ఎవరూ ముందుగా ఏర్పాట్లు చేసుకోకుండా. అదీ అంతే. ఎడమకి పోయినంత దూరం పోతుంది, కుడికి ఆగిపోతుంది. అంటే అందరూ ఒకరి సరుకు చూసి ఒకరు చేస్తున్నారు, లేదా కుమ్మక్కయ్యారు. రెండు పరికరాలూ నా తల ఎంత తిరిగిందని చెబుతున్నాయో ఆ లెక్క అచ్చు తీసి జత చేశాను. ఇంత పచ్చి మోసం నీ కళ్లతో నువ్వే చూడు.

ఇంకొకటి. డబ్బా తీసుకోవడానికి వెళితే ఫోల్కార్ట్ నోరు జారాడు, పోయిన వారం నువ్వు ఫోన్ చేశావట. "మీ చెల్లెలు మే నెల గురించి అడిగింది" అన్నాడు, అని ఎందుకో మాట మార్చాడు. నాకు ఫోన్ చెయ్యవద్దన్నాను గదా అని నా వెనక చేస్తున్నావా? మోచెయ్యి, చేతిరాత, ఇప్పుడు ఫోల్కార్ట్. నన్ను నేలమీద కూర్చోబెట్టాలని ఎవరు నిర్ణయించారు? నా ఒళ్లు మండుతోంది.

ఓర్ట్‌విన్


కీల్,
ఫిబ్రవరి 12

అన్నయ్యా,

ఫోల్కార్ట్‌కి ఫోన్ చేసింది నిజమే. వీబ్కే ఎండుపుల్లలా ఉంది, ముందు సీటుకి కావలసినంత బరువు లేదు. సీటు కింద ఎన్ని సీసం దిమ్మలు పెట్టాలో కనుక్కుందామని చేశాను. దానికి ఎర్ర శాలువా అల్లుతున్నాను, ఎంత పొడుగైతే స్టిక్కుకి అడ్డం రాదో కూడా అడిగాను. శాలువా సంగతి నీకు చెప్పొద్దన్నాను, ఎందుకంటే రెండోది నీకు. అంతే కుట్ర.

నువ్వు పంపిన కాగితాలు వంటగది బల్లమీద పక్కపక్కన పరిచి చూశాను. కెమెరా ఉన్నదీ లేనిదీ, రెండు ఊళ్లనుంచి వచ్చిన రెండు పరికరాలూ ఒకే మాట చెబుతున్నాయి. ఎడమకి యాభై డిగ్రీలు. కుడికి పన్నెండు. తర్వాత గోడ.

అవి కుమ్మక్కవలేదు అన్నయ్యా. రెండిటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, నీ తల. నిచ్చెన మీంచి పడ్డప్పుడు దెబ్బ తగిలింది మోచేతికి కాదు, మెడకి. ఇంతవరకు దాచావు. నిజం చెబితే మే నెల పోతుందని దాచావు.

నా తప్పు ఇంకా పెద్దది. కుడివైపు గీత లేపమని చెప్పింది నేనే. తిరగని మెడకి తిరిగినట్టు కనపడే చూపు ఇచ్చాను. నువ్వు సుఖంగా ఉందని రాస్తే మురిసిపోయాను. నిజం గ్లైడర్‌లో గీతలుండవు. అక్కడ పన్నెండు డిగ్రీలంటే పన్నెండే. నువ్వు "కుడివైపు ఖాళీ" అంటావు, ముందు సీట్లో ఉన్న వీబ్కే నిన్ను నమ్ముతుంది.

బహుశా నా అనుమానమే తప్పేమో. తేల్చుకుందాం. ఒక కార్డు మీద నాలుగు మాటలు రాసి ఆమ్రైన్ గారికి పంపాను. ఆవిడ వచ్చి నీ కుర్చీ వెనక కుడి భుజం వైపు గోడకి అతికిస్తుంది. అతికిస్తున్నంతసేపు నువ్వు కిటికీలోంచి బయటికి చూడు. తర్వాత కుర్చీలో కూర్చుని బెల్టు పెట్టుకున్నట్టు భుజాలు కదపకుండా తల ఒక్కటీ తిప్పు. అందులో ఏముందో నాకు రాయి. అక్కడ నేనుండను, ఏ కెమెరా ఉండదు.

నీ చెల్లెలు,
గెజీనె


రోన్ కొండలు,
మార్చి 1

గెజీనె,

ఆమ్రైన్ గారు వచ్చింది, అతికించింది, నా హాలంతా కలయజూసి వెళ్లింది. కార్డు చదివాను. అందులో ఏముందో నీకు తెలుసు, ఇప్పుడు నాకూ తెలుసు. ఇక ఈ విషయం వదిలెయ్.

వీబ్కేకి చెప్పు, మే మొదటి ఆదివారం పది గంటలకి మైదానంలో ఉండాలి.

ఓర్ట్‌విన్


కీల్,
మార్చి 5

అన్నయ్యా,

ఏముంది?

గెజీనె


రోన్ కొండలు,
మార్చి 23

చెల్లెమ్మా,

రెండు మాటల ఉత్తరానికి జవాబు రాయడానికి నాకు రెండు వారాలు పట్టింది.

నేను చదవలేదు. కుర్చీలో కూర్చుని తల తిప్పితే గోడ గడియారం కనపడుతుంది, దాని పక్కన కార్డు అంచు ఒక తెల్లటి గీతలాగా కనపడుతుంది, అక్కడితో మెడ పట్టేస్తుంది. మొదటి రోజు పళ్లు బిగబట్టి తిప్పబోయాను, కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండో రోజు గడ్డం గీసుకునే అద్దం తెచ్చుకుని, సగం దాకా ఎత్తి, సిగ్గేసి మళ్లీ మేకుకి తగిలించాను. ఆ సాయంత్రమే నీకు చదివానని అబద్ధం రాశాను.

నీ ఉత్తరం వచ్చాక ఏం చెయ్యాలో తోచలేదు. కుర్చీనుంచి ఆ గోడకి నాలుగడుగులు. లేచి వెళ్లి చదివి నీకు రాస్తే అయిపోయేది, నువ్వు నమ్మేదానివి. రోజూ లేవబోయాను, రోజూ కూర్చుండిపోయాను. ఎవరూ చూడటం లేదు, ఆ సంగతి నాకు బాగా తెలుసు, ఇంట్లో ఉన్న ప్రతి కెమెరాకీ పట్టీ వేసింది నేనే. చివరికి ఒకటే తోచింది. ఇక్కడైతే లేచి నాలుగడుగులు వేస్తాను, వీబ్కే వెనక బెల్టు పెట్టుకుని కూర్చున్నప్పుడు ఆ నాలుగడుగులు ఎలా వేస్తాను?

ఇంకో సంగతి. పోస్టు డబ్బా పడగొట్టినదెవరో కనుక్కున్నాను. నిన్న కారు కడుగుతుంటే వెనక బంపరు మీద పచ్చరంగు గీరుడు కనపడింది, డబ్బా పచ్చగా ఉండేది కదా. కారు వెనక్కి తీస్తూ కుడివైపు చూడలేక నేనే కొట్టేసి ఏదో కొమ్మ విరిగిందనుకున్నాను. అక్కడ డబ్బా బదులు ఎవరైనా నిలబడి ఉంటే? ఆమ్రైన్ గారి దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. "నాకు అక్టోబరులోనే తెలుసండి, కిటికీలోంచి చూశాను. మీరు బాధపడతారని చెప్పలేదు" అంది. ఇన్నాళ్లూ ఆవిడ నన్ను కనిపెడుతున్నది నిజమేనన్నమాట, మళ్లీ పడతానేమోనని.

మంగళవారం, శుక్రవారం మెడకి వ్యాయామం చేయించే ఆవిడ దగ్గరికి వెళుతున్నాను, ఆమ్రైన్ గారు తన కారులో తీసుకెళుతోంది. ఆవిడ నడపడం చూస్తే నాకు అనుమానాలు చాలా ఉన్నాయి గాని నోరు మూసుకుని కూర్చుంటున్నాను. కుడివైపు గీత కిందికి దించేశాను, ఎడమ గీతతో సమానంగా. డాక్టరుకి నేనే చెప్పాను. ఈ ఏడాది సంతకం పెట్టనన్నాడు.

ఫోల్కార్ట్‌తో మాట్లాడాను. మే మొదటి ఆదివారం వీబ్కేని వాడు తీసుకెళతాడు. వాడి మెడ గుడ్లగూబలా తిరుగుతుంది, నా ఎదురుగా కూర్చోబెట్టి తిప్పించి చూసుకున్నాను. వీబ్కేకి నేనే ఉత్తరం రాశాను, ఏమీ దాచలేదు. వెంటనే జవాబొచ్చింది, "మరి నువ్వెక్కడుంటావు తాతయ్యా?" అని. రెక్క దగ్గర ఉంటానని రాశాను. గ్లైడర్ కదిలేటప్పుడు రెక్క చివర పట్టుకుని ఎవరో ఒకరు పరిగెత్తాలి కదా. ఎడమ రెక్క అయితే గ్లైడరూ ముందున్న దారీ నా కుడిపక్కకి వస్తాయి, అందుకని కుడి రెక్క పట్టుకుంటాను. నువ్వు అల్లిన శాలువా కట్టుకుని పరిగెడతాను.

కార్డు ఇంకా గోడమీదే ఉంది. ఆమ్రైన్ గారు ఇప్పుడు ఇల్లు తుడవడానికి కూడా సాయం వస్తోంది, ఆ గోడ జోలికి మాత్రం పోవద్దని చెప్పాను. నిన్న గడియారం దాటి, కార్డు మీద మొదటి అక్షరం సగం కనపడింది. అందులో ఏముందో నాకు చెప్పకు.

నీ అన్నయ్య,
ఓర్ట్‌విన్